బస్టాండులో తెర వెలుగుతోంది, బస్సు జాడ మాత్రం తెలియడం లేదు

08682_వాసి
గత గురువారం సాయంత్రం మా వైపు ఒక బస్టాండులో దేవరకొండ బస్సు కోసం నిలబడ్డాను. ఊరి పేరు రాయను, ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. అక్కడ ప్లాట్‌ఫారాల పైన కొత్తగా ఒక పెద్ద తెర బిగించారు. అందులో 6.10 బస్సు ఎదురుగా "సమయానికి" అని పచ్చటి అక్షరాలు కనిపించాయి. 6.30కీ అదే మాట, 6.45కీ అదే మాట. 6.50కి ఆ వరుస తెర మీద నుంచి మాయమైంది, బస్సు మాత్రం రాలేదు. పక్కన పల్లీలు అమ్ముకునే పెద్దాయన నా అవస్థ చూసి, "ఆ బండి ఇయ్యాల రాదు సార్, పొద్దుగాలనే బ్రేక్‌డౌన్ అయింది, ఏడున్నరకు వేరే బండి వస్తది" అన్నాడు. ఆయన చెప్పినట్టే ఏడున్నరకు వచ్చింది.

బస్సుల సమాచారాన్ని పట్టణ వ్యవస్థతో జోడించాలని కోరుతూ మా కాలనీవాళ్లం ఒక అర్జీ రాస్తున్నాం. మొదటి ముసాయిదాలో "ప్రతి కూడలిలో డిజిటల్ బోర్డులు పెట్టాలి" అని రాసుకున్నాం. గురువారం తర్వాత ఆ వాక్యం మీద నాకే నమ్మకం పోయింది. తెర ఉండి కూడా సమాచారం ఎందుకు అందలేదో, అర్జీలో నిజానికి ఏమి అడగాలో తెలిసినవారు చెప్పండి.

పాలమూరు_పాదచారి
ఆ పల్లీల పెద్దాయననే కమాండ్ కంట్రోల్ సెంటర్లో కూర్చోబెడితే సగం ఖర్చు మిగులుతుంది.

జీపీఎస్_మెకానిక్
నాది జడ్చర్ల. హైదరాబాద్‌లో వాహనాల ట్రాకింగ్ పరికరాలు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను, కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

బస్సులో ఉండే పరికరం ఉపగ్రహాల సంకేతాల నుంచి తానెక్కడుందో లెక్కగట్టుకొని, లోపల ఉన్న సిమ్ ద్వారా కొన్ని సెకన్లకొకసారి సర్వర్‌కు పంపుతుంది. దానివల్ల సర్వర్‌కు తెలిసేది ఫలానా నంబరు బండి ఫలానా చోట ఫలానా వేగంతో ఉందన్నంతవరకే. ఆ బండి ఈ పూట దేవరకొండ పోతోందా, మిర్యాలగూడ పోతోందా, డిపోకు ఖాళీగా తిరిగి పోతోందా అన్నది పరికరానికి తెలియదు. బండి నంబరునూ ట్రిప్పునూ ఎవరో ఒకరు ఆ రోజుకారోజు ముడివేయాలి. ఆ ముడి పడితేనే "ఇంకా 12 నిమిషాల్లో" అని చెప్పే లెక్క మొదలవుతుంది.

ముడి పడని రోజున చాలా వ్యవస్థలు చడీచప్పుడు లేకుండా టైంటేబుల్‌లోని సమయాన్నే తెర మీదికి తోసేస్తాయి. మీరు చూసిన "సమయానికి" అన్న మాట బహుశా అలా వచ్చిందే. బండి ఆచూకీ తెలిసి చెప్పే సమయమూ, కాగితం మీది సమయమూ తెర మీద ఒకే రంగులో కనిపించడం ఈ వ్యవస్థలన్నింటిలోనూ నాకు నచ్చని మొదటి సంగతి.

08682_వాసి
అంటే ఆ పచ్చ అక్షరాలు టైంటేబుల్‌కు వేసిన రంగేనన్నమాట. ఆ ముడి వేయాల్సింది ఎవరు?

విశ్రాంత_కంట్రోలర్
మేమే. ఒక డిపోలోనూ ఒక బస్టాండులోనూ కలిపి ఇరవై రెండేళ్లు కంట్రోలర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని, అందుకే ఈ ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది.

తెల్లవారుజామున నాలుగు గంటలకు డిపోలో ఏమి జరుగుతుందో చాలామందికి తెలియదు. డ్యూటీ చార్టు ముందు రోజే వేసి ఉంటుంది, కానీ ఆ చార్టులో ఉన్న డ్రైవరుకు జ్వరం వస్తుంది, కేటాయించిన బండికి బ్రేకు సరిగా పట్టడం లేదని మెకానిక్ ఆపేస్తాడు, పల్లెలో నైట్‌అవుట్ చేసిన బండి పొద్దున స్టార్టు కాలేదని ఫోను వస్తుంది. అప్పుడు ఉన్న స్పేర్ బండిని ఎక్కువ మంది ఎదురుచూసే ట్రిప్పుకు పంపి, తక్కువ మంది ఉన్న ట్రిప్పును రద్దు చేయడమో, వెనక్కి జరపడమో చేస్తాం. ఈ నిర్ణయాలన్నీ అరగంటలో నోటి మాట మీద జరిగిపోతాయి, రిజిస్టరులో తర్వాత ఎక్కుతాయి. ఆ రిజిస్టరుకూ బస్టాండులోని తెరకూ మధ్య తీగ లేదు. పల్లీల పెద్దాయనకు తెలిసిందంటే, ఏ కండక్టరో అటు పోతూ పోతూ ఆయనకు చెప్పి ఉంటాడు. సమాచారం పుట్టిన చోటు నుంచి ఆయన దాకా నడిచింది, తెర దాకా నడవలేదు.

అర్జీలో బోర్డులు అడగకండి. రద్దయిన ట్రిప్పును పది నిమిషాల్లోపు నమోదు చేసే మనిషిని అడగండి, ఆయన ముందు ఒక కంప్యూటరు, ఆ పనికి సమయం అడగండి. నాలుగు గంటలప్పుడు అదే కంట్రోలర్ చేత సాఫ్ట్‌వేర్ కూడా నింపించాలని చూస్తే ఏదో ఒకటి ఆగుతుంది, ఆగేది బస్సు మాత్రం కాకూడదు.

మెట్టుగడ్డ_మేడ
కంట్రోలర్ గారు చెప్పింది నిజమే అయినా, సిబ్బంది మీద ఇంత భారం వేసే వ్యవస్థ నాలుగు రోజులు నడిచి ఐదో రోజు ఆగిపోతుంది. కండక్టరు చేతిలో టికెట్ల యంత్రం ఉంది కదా. డ్యూటీ మొదలుపెట్టేటప్పుడు ఆ టిమ్‌లో సర్వీసు, రూటు, ట్రిప్పు అన్నీ నమోదవుతాయి. అవి నమోదు కాకుండా టికెట్టే రాదు. ఆ సమాచారాన్నీ బండిలోని ట్రాకింగ్ పరికరాన్నీ కలిపితే ముడి దానంతట అదే పడుతుంది, ఎవరూ కొత్తగా ఏమీ నింపనక్కర్లేదు.

జీపీఎస్_మెకానిక్
మెట్టుగడ్డ గారి దారి సరైనదే, నేను చూసినంతలో ఇదే అన్నిటికన్నా నిలబడే దారి. ఒక్క ఇబ్బంది ఉంది. టిమ్‌లో ట్రిప్పు తెరుచుకునేది బండి బయలుదేరే ముందు. దానివల్ల నడుస్తున్న ట్రిప్పు సంగతి తెలుస్తుంది కానీ, మొదలే కాని ట్రిప్పు సంగతి తెలియదు. 08682 గారికి కావలసింది ఆ రెండోదే. రద్దు అన్నది యంత్రం ఊహించలేదు, మనిషే చెప్పాలి.

విశ్రాంత_కంట్రోలర్
చూశారా, చివరికి నా కుర్చీ దగ్గరికే వచ్చారు.

పాలమూరు_పాదచారి
సరదా పక్కన పెట్టి ఒక మాట. స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్ 25న మొదలైంది, దేశంలో 100 నగరాలను ఎంపిక చేశారు, మన రాష్ట్రం నుంచి వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. నల్లగొండ లేదు, మహబూబ్‌నగర్ లేదు. ఆ మిషన్ గడువు కూడా 2025 మార్చి 31తో ముగిసింది. కాబట్టి అర్జీలో "స్మార్ట్ సిటీ కింద" అని రాస్తే, మీ ఊరు జాబితాలో లేదని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు.

పేరు లేకపోయినా పని జరగవచ్చు. మైసూరులో కర్ణాటక ఆర్టీసీ 2012లోనే ఇలాంటి వ్యవస్థను మొదలుపెట్టింది, అప్పటికి స్మార్ట్ సిటీల పథకమే లేదు. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 500 బస్సులకు ట్రాకింగ్ పరికరాలు, 105 స్టాపుల్లో బోర్డులు పెట్టారు. మైసూరు మహానగరం కాదు కదా, మన ఊళ్లకూ ఆశ పెట్టుకోవచ్చు.

జడ్చర్ల_ఫ్లైఓవర్_కింద
మైసూరుతో పోలిక నాకు సరిపోయినట్టు అనిపించడం లేదు. అక్కడ సిటీ బస్సులు ఊళ్లోనే తిరుగుతాయి, ఐదు పది నిమిషాలకొకటి వస్తుంది, ఒకటి తప్పితే ఇంకొకటి ఎక్కవచ్చు. పాలమూరులో మనం ఎక్కేది ఎక్కువగా జిల్లా బస్సులు. వంద కిలోమీటర్ల అవతల హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో బయలుదేరి, ఆరాంఘర్ దగ్గర ఇరుక్కొని, శంషాబాద్, షాద్‌నగర్ దాటి మన దగ్గరికి వస్తాయి. మన బోర్డు మీది ఆలస్యం మన ఊళ్లో పుట్టినది కాదు.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు వైపు పోయే చాలా బస్సులు మహబూబ్‌నగర్ ఊళ్లోకి రావు, జడ్చర్ల దగ్గర దింపి నేరుగా పోతాయి. అర్ధరాత్రి ఆ కూడలిలో దిగినవాడికి పాలమూరు పోవడానికి ఇంకో బస్సు ఉందో లేదో తెలియాలి. నల్లగొండవాళ్లకు నార్కట్‌పల్లి కూడలి కూడా అంతే. సూర్యాపేట, విజయవాడ బస్సులు అక్కడ దింపి 65వ నంబరు రహదారి మీద వెళ్లిపోతాయి. మున్సిపాలిటీ హద్దు లోపల మాత్రమే పనిచేసే సమాచార వ్యవస్థకు ఈ రెండు చోట్లూ కనిపించవు, మన ప్రయాణికుడికి సమాచారం ఎక్కువ అవసరమయ్యేదేమో అక్కడే.

08682_వాసి
నార్కట్‌పల్లి సంగతి నాకు తట్టలేదు. మా నాన్నగారు రాత్రి పదకొండింటికి అక్కడ దిగి, షేర్ ఆటో నిండేదాకా గంట కూర్చున్న రోజులు ఉన్నాయి. అర్జీలోకి ఇది తప్పకుండా వెళుతుంది. కానీ ఏ కార్యాలయానికి ఇవ్వాలి? ఊరి బయటి కూడలి మున్సిపాలిటీది కాదు, రోడ్డు ఒకరిది, బస్సు ఇంకొకరిది.

డేటా_దస్త్రం
ఎవరి కార్యాలయమైనా సరే, సమాచారం అందరూ చదవగలిగే ఒకే రూపంలో ఉంటే సగం చిక్కు తీరుతుంది. దీనికి జీటీఎఫ్ఎస్ అనే పద్ధతి ఉంది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి తయారు చేశాయి. మొదట్లో ఆ పేరులో గూగుల్ అన్న మాట ఉండేది, తర్వాత అందరిదీ అయింది కాబట్టి దాన్ని జనరల్ అని మార్చారు. పెద్ద మాయ ఏమీ లేదు. స్టాపులు ఒక ఫైలు, రూట్లు ఒక ఫైలు, ట్రిప్పులు ఒక ఫైలు, ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరుతుందో ఒక ఫైలు, ఏ రోజుల్లో తిరుగుతుందో క్యాలెండర్ ఫైలు. అన్నీ కామాలతో విడదీసిన మామూలు అక్షరాలే. మన తహసీల్ ఆఫీసు కంప్యూటర్ మీద కూడా తెరుచుకుంటాయి.

ప్రత్యక్ష సమాచారానికి దీనికే ఇంకో భాగం ఉంది. బండి ఎక్కడుందో ఒకటి, ట్రిప్పు ఎంత ఆలస్యమో ఒకటి, ప్రత్యేక ప్రకటనలు ఒకటి అని మూడు రకాలుగా పంపుతారు. ట్రిప్పు రద్దయిందని చెప్పడానికి అందులో చోటు ఉంది. కంట్రోలర్ గారి కుర్చీ దగ్గర ఆ ఒక్క నమోదు జరిగితే తెరకూ, ఫోనుకూ, మైకుకూ ఒకేసారి చేరుతుంది. ఢిల్లీలో 2018 నవంబరులో అక్కడి ప్రభుత్వం, ట్రిపుల్ ఐటీ ఢిల్లీ కలిసి బస్సుల సమాచారాన్ని ఇలా బహిరంగంగా పెట్టాయి. బయటివాళ్లు దాన్ని తీసుకొని తమ యాప్‌లు తాము కట్టుకోవచ్చు. మనకు కావలసింది కూడా ఇదే. ఎవరో ఒకరు తయారు చేసిన ఒక్క యాప్ కంటే, సమాచారం బయటికి రావడం ముఖ్యం.

ఒక చిన్న విడ్డూరం కూడా చెబుతాను. ఈ పద్ధతిలో అర్ధరాత్రి దాటినా ట్రిప్పు ముగియకపోతే గడియారాన్ని సున్నాకు తిప్పరు. రాత్రి ఒంటిగంటా పది నిమిషాలను 25.10 అని రాస్తారు.

పాలమూరు_పాదచారి
మా ఊరికి వచ్చే చివరి బస్సు ఏ గంటలో వస్తుందో ఇన్నేళ్లుగా అర్థం కాలేదు. ఇరవై అయిదో గంట అని ఇప్పుడు తెలిసింది.

కొండమల్లేపల్లి_కూడలి
స్టాపుల ఫైలు అంటే ఒకటి గుర్తొచ్చింది. మేము మా ఊరిని మల్లేపల్లి అనే పిలుస్తాం. ఫోనులో మల్లేపల్లి అని కొడితే హైదరాబాద్‌లోని మల్లేపల్లికి దారి చూపిస్తుంది. మా బంధువు ఒకాయన ఆ మాట నమ్మి ఎంజీబీఎస్‌లో దిగి, మా ఊరు పది నిమిషాల దూరంలోనే ఉందని సంతోషపడి ఫోను చేశాడు.

మెట్టుగడ్డ_మేడ
మహబూబ్‌నగర్, మహబూబాబాద్ తకరారు కూడా అందులో కలపండి. ఇంగ్లిషులో కొడితే మొదటి సగం ఒకటే, చేరేది మాత్రం రాష్ట్రానికి ఈ మూల బదులు ఆ మూల. నాగర్‌కర్నూలు, కర్నూలు సంగతి కూడా మా వైపు వాళ్లకు తెలిసిందే. కర్నూలు బస్సు అనుకొని నాగర్‌కర్నూలు ఎక్కిన బయటి రాష్ట్రం వాళ్లను నేను కళ్లారా చూశాను.

డేటా_దస్త్రం
ఇవి నవ్వుకునే సంగతుల్లా ఉన్నా పనిలో పెద్ద భాగం ఇదే. ప్రతి స్టాపుకూ ఒక సంఖ్య ఉండాలి, పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉర్దూలోనూ ఉండాలి, జనం పిలిచే పేరు కూడా పక్కన ఉండాలి. అనువాదాల కోసం ఆ పద్ధతిలోనే విడిగా ఒక ఫైలు ఉంది. కొండమల్లేపల్లిని మల్లేపల్లి అంటారని హైదరాబాద్‌లో కూర్చున్న ఇంజినీరుకు ఎలా తెలుస్తుంది? ఆ ముక్క స్థానికులే ఇవ్వాలి.

హాలియా_టీచర్
ఇప్పటిదాకా రాసినవాళ్లంతా బస్సు ఎప్పుడొస్తుందో తెలిస్తే చాలన్నట్టు రాస్తున్నారు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక పల్లెవెలుగుల్లోనూ ఎక్స్‌ప్రెస్‌లలోనూ ఆడవాళ్లం బాగా పెరిగాం, అది మంచిదే. కానీ బడి వేళకు వచ్చే బస్సు నిండుగా వస్తే డ్రైవరు చెయ్యెత్తినా ఆపడు. నాకు 8.05కి బస్సు వస్తుందని తెలుసు, అందులో కాలు పెట్టే చోటు ఉందో లేదో తెలియదు. ఆ సంగతి పది నిమిషాల ముందు తెలిస్తే ఆటోలో పోతాను, లేకపోతే తర్వాతి బండికి ఆగుతాను.

రెండోది, చివరి బస్సు. పగటి బస్సు తప్పితే విసుగు, చివరి బస్సు తప్పితే భయం. మగవాళ్లు రాసే అర్జీల్లో ఈ రెండింటినీ ఒకే గాట కడతారు. చివరి బస్సు రద్దయినప్పుడైనా, అర్ధగంట ముందే అందరికీ తెలిసేలా విడిగా ఏర్పాటు ఉండాలి.

08682_వాసి
తప్పు ఒప్పుకుంటున్నాను టీచర్ గారూ. ముసాయిదాలో ఆ మాట లేదు, రాత్రికి చేరుస్తాను.

జీపీఎస్_మెకానిక్
రద్దీ లెక్కకు కూడా టిమ్ చాలు. ఉచిత ప్రయాణానికి కూడా జీరో టికెట్టు కొడుతున్నారు కదా, కాబట్టి ఎక్కినవాళ్ల లెక్క యంత్రంలో ఉన్నట్టే. ఎక్కడ దిగుతారో కూడా టికెట్టు మీద ఉంటుంది. కచ్చితంగా ఇంతమంది అని కాకపోయినా "సీట్లు ఉన్నాయి, నిలబడాలి, నిండింది" అని మూడు మెట్లలో చెప్పవచ్చు. డేటా గారు చెప్పిన పద్ధతిలో రద్దీకి కూడా ఒక గడి ఉంది.

మర్రిగూడ_మనవడు
మా తాతకు ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు. మోకాళ్లు వంగిపోయి నడుము నిటారుగా నిలవదు. మా మండలంలో ఆ వయసువాళ్లలో ఇది కొత్త సంగతి కాదు. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పింది, వంగిన మోకాళ్లు మాత్రం మళ్లీ తిన్నగా కావు. ఆస్పత్రి నుంచి తీసుకొస్తూ బస్టాండులో మూడో ప్లాట్‌ఫారం దగ్గర కూర్చోబెడతాను. బస్సు వచ్చి ఏడో ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది, జనం పరుగెత్తుతారు, మేము చేరేసరికి అది కదిలిపోతుంది. బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందన్నది మాకు రెండో ప్రశ్న, ఎక్కడ ఆగుతుందన్నది మొదటిది. దీని గురించి ఏ యాప్‌లోనూ నాకు ఒక్క అక్షరం కనిపించలేదు.

ఇంకో సంగతి, ఆయన తల పైకెత్తి తెర చూడలేడు. మైకులో చెబితే వింటాడు.

విశ్రాంత_కంట్రోలర్
మర్రిగూడ తమ్ముడు రాసింది చదివి కొంచెంసేపు ఏమీ రాయలేకపోయాను. పాత రోజుల్లో ఎంక్వైరీ గదిలో మైకు ముందు కూర్చున్నవాడు "దేవరకొండ పోయే బస్సు ఐదవ నంబరు ప్లాట్‌ఫారంపై నిలిచి ఉన్నది" అని గొంతు పోయేదాకా చెప్పేవాడు. తెరలు వచ్చాక ఆ కుర్చీ కొన్ని చోట్ల ఖాళీ అయింది. తెర చదివి వినిపించే యంత్రం పెట్టడం కష్టం కాదు, కానీ ప్లాట్‌ఫారం మారినప్పుడు మారిందని దానికి చెప్పే మనిషి మళ్లీ కావాలి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం బస్టాండులకూ వర్తిస్తుంది. అర్జీలో ఆ చట్టం పేరు రాయండి, కాగితానికి బరువు పెరుగుతుంది.

మిర్యాలగూడ_ప్యాసింజర్
రైలు ప్రయాణికుల్ని మరిచిపోయారు. రైలు ఎక్కడుందో నాకు ఫోనులో ఇంచుమించు కచ్చితంగా తెలుస్తుంది. 2018లో గూగుల్ కొన్న వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ అయితే, మనం రైల్లో ఉన్నప్పుడు ఇంటర్నెట్టూ జీపీఎస్సూ లేకపోయినా సెల్ టవర్లను బట్టి చెబుతుంది. బీబీనగర్-నడికుడి మార్గంలో డబ్లింగ్ మంజూరైనా ఇన్నేళ్లూ ఒంటి లైను మీదే బతికాం కాబట్టి, క్రాసింగ్ కోసం ఎంతసేపు ఆగుతుందో తెలియడమే పెద్ద ఊరట. బస్సుకు కూడా ఇలాగే ప్రయాణికుల ఫోన్లతోనే లెక్క కట్టవచ్చు కదా? ఏ పరికరమూ కొననక్కర్లేదు.

జీపీఎస్_మెకానిక్
పట్టాల మీద కదిలే ఫోను రైల్లోనే ఉంటుంది, సందేహం లేదు. 65వ నంబరు రహదారి మీద అరవై కిలోమీటర్ల వేగంతో కదిలే ఫోను బస్సులో ఉందో, కారులో ఉందో, వడ్ల లారీలో ఉందో చెప్పలేం. మనుషులు స్వచ్ఛందంగా "నేను ఫలానా బస్సులో ఉన్నాను" అని నొక్కాలి, దేవరకొండ పల్లెవెలుగులో అలా నొక్కేవాళ్లు ఎంతమంది ఉంటారు? పైగా పరికరాలు కొత్తగా కొనాల్సిన అవసరం రోజురోజుకూ తగ్గుతోంది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాల్లో ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ట్రాకింగ్ పరికరమూ, అత్యవసర మీటా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. పాత బండ్లు పోయేకొద్దీ పరికరాలున్న బండ్ల సంఖ్య పెరుగుతుంది.

మిర్యాలగూడ_ప్యాసింజర్
లారీ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ జోడింపు అన్న మాట మీరంతా బస్సుల మధ్యనే వాడుతున్నారు. రాత్రి రైలు నలభై నిమిషాలు ఆలస్యమైతే, స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే చివరి బస్సు తన సమయానికి తాను వెళ్లిపోతుంది. రైలు ఆలస్యమని రైల్వేకు తెలుసు, బస్సు వెళ్లిపోతోందని డిపోకు తెలుసు, నాకు రెండూ తెలుసు, చేయగలిగింది మాత్రం ఏమీ లేదు.

విశ్రాంత_కంట్రోలర్
రైలు కోసం బస్సును ఆపితే, తర్వాతి ఊళ్లలో నిలబడ్డవాళ్లు మమ్మల్ని తిడతారు. రైలు నుంచి ఎంతమంది దిగి ఈ బస్సుకు వస్తారో ముందే తెలిస్తే పది నిమిషాలు ఆపవచ్చు. తెలియకుండా ఆపమంటే ఏ కంట్రోలరూ సాహసించడు. అంతకన్నా, రైలు దిగేవాళ్లకు "బస్సు వెళ్లిపోయింది" అన్న మాట స్టేషన్ మైకులో వినిపిస్తే బయటికి ఉరకకుండా అక్కడే వేరే ఏర్పాటు చూసుకుంటారు.

మెట్టుగడ్డ_మేడ
ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తాను, తిట్టినా ఫరవాలేదు. ట్రాకింగ్ అనగానే డ్రైవర్లకు మెమోలు గుర్తొస్తాయి. ప్రయాణికుడి కోసం పెట్టిన పరికరంతో "టీకి ఏడు నిమిషాలు ఎందుకు ఆగావు" అని అడగడం మొదలైతే, ఆ పరికరం తీగ ఊడిపోవడం కూడా మొదలవుతుంది. మా బావ బస్సు డ్రైవరు, కాబట్టి నాది ఒక పక్షమే అనుకోండి.

విశ్రాంత_కంట్రోలర్
ఒక పక్షమైనా అబద్ధం కాదు. నిజాం కాలంలో 1932లో 27 బస్సులు, 166 మంది మనుషులతో మొదలైన రవాణా ఇది. అప్పటి నుంచీ ఆలస్యం అన్నది విచారణ కాగితంలో నేరంగానే నమోదవుతూ వచ్చింది. ఆలస్యాన్ని దాచుకోవాల్సిన సంగతిగా చూసినంతకాలం ఎవరూ నిజమైన సమయం చెప్పరు. ఆలస్యమని ముందే చెప్పినవాడికి మెమో ఇవ్వకూడదన్న ఒక్క నియమం చాలు, నా మటుకు అది తెరల కంటే ముఖ్యం.

కొండమల్లేపల్లి_కూడలి
ఖర్చు మాట కూడా ఆలోచించండి. ఎండకూ వానకూ బయట పెట్టిన బోర్డులు రెండేళ్లకే సగం అక్షరాలు కోల్పోతాయి, తర్వాత బాగుచేసే గుత్తేదారు దొరకడు. మా కూడలిలో పాన్ డబ్బా గోడ మీద ఒక టైంటేబుల్ కాగితమూ, దాని పక్కన క్యూఆర్ గుర్తూ, మామూలు ఫోను వాళ్ల కోసం స్టాపు సంఖ్య పంపితే జవాబు వచ్చే ఎస్సెమ్మెస్ సదుపాయమూ ఉంటే మాకు చాలు. ముంబయికి పనికి పోయే పాలమూరు కూలీలు కూడా ఇటువంటిదే చదవగలరు, వాళ్లందరి దగ్గరా పెద్ద ఫోన్లు ఉండవు.

పాలమూరు_పాదచారి
కూలీల దగ్గర పెద్ద ఫోన్లు లేవని మీరెట్లా అనుకున్నారు? మా తండాలో నాకన్నా మంచి ఫోన్లు ఉన్నాయి. లేనిది చార్జింగూ, సిగ్నలూ. ఎస్సెమ్మెస్ మాట మాత్రం సరైనదే.

08682_వాసి
మూడు రోజుల్లో ముసాయిదా పూర్తిగా మారిపోయింది. బోర్డుల వాక్యం కొట్టేశాను. దాని చోట రద్దులూ ప్లాట్‌ఫారం మార్పులూ పుట్టిన చోటే నమోదు కావాలని, ఆ పనికి విడిగా మనిషిని ఇవ్వాలని మొదటి పేరాలో రాశాను. బండి ఆచూకీ తెలిసి చెప్పే సమయానికీ టైంటేబుల్ సమయానికీ వేరే రంగులు ఉండాలని, తెర చెప్పే ప్రతి మాటా మైకులోనూ వినిపించాలని, చివరి బస్సు రద్దయితే అర్ధగంట ముందు ఎస్సెమ్మెస్ రావాలని రాశాను. నార్కట్‌పల్లి, కొండమల్లేపల్లి కూడళ్లు పట్టణ హద్దు బయట ఉన్నా వ్యవస్థలో ఉండాలని, సమాచారమంతా బహిరంగ రూపంలో పెట్టాలని కూడా చేర్చాను. డ్రైవర్ల మెమోల సంగతి అర్జీలో రాయడానికి మా కాలనీ పెద్దలు ఒప్పుకోలేదు, దాని గురించి ఇంకా గొడవ పడుతున్నాం.

డేటా గారు చెప్పినట్టు స్థానికులు ఇవ్వాల్సింది ముందు మనమే ఇద్దామని, ఆదివారం నోటుపుస్తకం పట్టుకొని అదే బస్టాండుకు వెళ్లాను. పల్లీల పెద్దాయన ఒక్క కాగితం చూడకుండా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా 26 బస్సుల సమయాలు చెప్పాడు, నేను రాసుకుంటూ వచ్చిన బస్సులను సరిచూసుకున్నాను. పట్టిక ఫొటో పెట్టాను. 25 కలిశాయి. మూడో వరుసలోని 2.40 బస్సు మాత్రం నలభై నిమిషాలు నిలబడ్డా రాలేదు.

విశ్రాంత_కంట్రోలర్
అది కాలేజీ ట్రిప్పు. ఆదివారం తిరగదు. పెద్దాయన మీకు చెప్పకపోవడానికి కారణం, మీరు ఆదివారం సంగతి విడిగా అడగకపోవడమే.

డేటా_దస్త్రం
పట్టికను ఫైళ్లలోకి ఎక్కిస్తున్నాను. ఆ ట్రిప్పుకు క్యాలెండర్‌లో ఆదివారం గడిలో సున్నా వేశాను, మిగతా ఆరు రోజులకు ఒకటి. ఆ కాలేజీకి సెలవులు ఎప్పుడెప్పుడో కంట్రోలర్ గారు చెబితే అవి కూడా వేస్తాను. పండగ స్పెషళ్ల సంగతి కూడా చెప్పండి.

విశ్రాంత_కంట్రోలర్
కాలేజీ సెలవులు రేపు కనుక్కొని రాస్తాను. సంక్రాంతికీ దసరాకూ వేసే స్పెషళ్లు మాత్రం ముందు రోజు రాత్రి దాకా డిపోకే తెలియవు. వాటి గడి ఖాళీగా ఉంచండి.